వాలు చూసి ఆపిన బండి

ఇప్పుడు మా వీధిలో కుర్రాళ్ళు బొటనవేలితో ఒక మీట నొక్కి మోటారు సైకిలు కదిలిస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే దాని వంశాన్నంతా తిట్టిపోస్తారు. అరుగు మీద కూర్చుని వింటూ నేను నవ్వుకుంటాను. నాయనలారా, నేను పదకొండేళ్ళు ఒక డీజిలు పికప్పు నడిపాను. నడిపాననడం కంటే, దాన్ని ఎక్కడ ఆపాలా అని పదకొండేళ్ళు ఆలోచించాననడమే సబబు.

యాభైల చివర్లో, కృష్ణ ఒడ్డున ఆనకట్ట పనుల దగ్గర వాడి పక్కన పెట్టిన బండ్లను అమ్ముతుంటే దాన్ని కొన్నాను. ముందు ఇద్దరు కూర్చునే కాబిను, వెనక చెక్కల తొట్టి. అప్పటికది పెట్రోలు బండి. పెట్రోలు తాగడంలో దానికి మొహమాటం లేదు. అందుకని నరసరావుపేటలో ఒక మెకానిక్ సాయిబు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన పాత ఇంజను ఊడదీసి, ఏదో లారీకి వాడిన డీజిలు ఇంజను బిగించాడు. బిగించి చేతులు తుడుచుకుంటూ, బండి ఒకరిది, గుండె ఇంకొకరిది, ఇద్దరికీ సర్దిచెప్పుకుంటూ కాపురం చేయించుకో అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పెట్రోలు ఇంజనును తిప్పిన పాత సెల్ఫు, పాత బ్యాటరీ ఈ డీజిలు ఇంజనును తిప్పలేవని, పెద్దవి వేయించుకోమని. మొదటి మాట సరదాగా ఉంది కాబట్టి గుర్తు పెట్టుకున్నాను. రెండోది వచ్చే నెల చూద్దామనుకున్నాను. ఆ వచ్చే నెల రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఆ నాలుగేళ్ళూ సెల్ఫు నొక్కితే లోపల ఎక్కడో టక్కుమని ఒక చప్పుడు వచ్చేది, అంతే. బండిని వాలులో ఆపి, బ్రేకు వదిలి, రెండో గేరులో పెట్టి, అది దొర్లుతుండగా క్లచ్చి వదిలితే చక్రాలే ఇంజనును తిప్పేవి. అలా ఒకసారి మేలుకుందంటే రోజంతా నాపరాళ్ళు వేసినా, మిరపకాయ బస్తాలు, అదే టిక్కీలు వేసినా, హార్మోనియంతో సహా నాటకం వాళ్ళను ఎక్కించినా కిక్కురుమనకుండా మోసేది. ఎండల్లో రెంటచింతల దాటేటప్పటికి రేడియేటరులో నీళ్ళు మరిగేవి గాని, ఇంజను మాత్రం ఆగమంటేనే ఆగేది. కాబట్టి నాకు పల్నాడంతా ఎత్తూ పల్లాలుగానే తెలుసు. ఏ ఊళ్ళో కాఫీ బాగుంటుందో నాకు తెలియదు, ఏ ఊళ్ళో కాఫీ కొట్టు ముందు వాలుందో తెలుసు. మా అత్తగారిల్లు చదునైన వీధిలో ఉంది. ఆ నాలుగేళ్ళలో ఆవిడ చేతి భోజనం నేను ఇంజను గుడగుడలాడుతుండగానే చేశాను.

ఎవరైనా అడిగితే, డీజిలు ఇంజనును మాటిమాటికీ ఆపితే దాని ఆయుష్షు తగ్గుతుందని గంభీరంగా చెప్పేవాణ్ణి. ఊళ్ళో డీజిలు బండి ఉన్నది నా ఒక్కడికే. కాదనడానికి ఇంకొకడు లేడు.

కాదనగలిగిన మనిషి ఒక్కడుండేవాడు. ఆయన మా ఊరి పెద్ద రైతు, నాకు వరసకు మామ. మాట మోటు, మనసు ఎవరికీ చూపించేవాడు కాదు. ఆయనకు ముగ్గురు కూతుళ్ళు, ఒక జత ఎడ్లు. వీళ్ళలో ఎవరంటే ఎక్కువ ఇష్టమో ఊళ్ళో ఎవరినడిగినా ఎడ్లనే చెప్పేవారు. ఒకసారి చదునైన చోట పొరపాటున ఇంజను ఆపేస్తే, బతిమాలి ఆ ఎడ్లను కట్టించి లాగించాను. పది బారలు లాగాయో లేదో, ఇంజను ఒక్కసారి దగ్గి నల్లటి పొగ కక్కి మేలుకుంది. ఎడ్లు కాడి విరగ్గొట్టుకుని పత్తి చేలో పడి పరుగో పరుగు. వాటి వెనక మామ, మామ వెనక నేను. సాయంత్రానికి దొరికాయి గాని, ఆ తరువాత నా బండి చప్పుడు వినపడితే చాలు, అవి మేత మానేసి చెవులు నిక్కించేవి. నా బండి ఆయన ఎడ్ల కంటబడకూడదని మామ ఆజ్ఞ జారీ చేశాడు. నేను చుట్టూ తిరిగి ఊళ్ళోకి వచ్చేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊళ్ళో క్రైస్తవ మిషను వాళ్ళ బడి ఉండేది, ఎనిమిది దాకా. అందులో ఒక టీచరమ్మ. సన్నగా, తెల్ల చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని నడిచేది. ఆవిడ గొడుగు తెరిచి ఉంటే ఎండ అని, మూసి చేతిలో ఉంటే ఎవరికో మూడిందని అర్థం. అప్పటిదాకా మా ఊరి ఆడపిల్లలెవరూ ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష రాయలేదు. పరీక్ష గురజాలలో. ఆడపిల్ల రాత్రిపూట పరాయి ఊళ్ళో ఉండటానికి ఒక్క తండ్రీ ఒప్పుకోడు. ఆ ఏడు టీచరమ్మ అయిదుగురు పిల్లల్ని తయారు చేసి, ఇంటింటికీ తిరిగి, తండ్రుల దగ్గర మాట తీసుకుంది. రోజూ పొద్దున తానే తీసుకెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తానే తెచ్చి ఇంట్లో అప్పగించాలి. ఒక్కరోజు తేడా వచ్చినా ఇక మా ఊళ్ళో ఆడపిల్లలకు పరీక్ష మాటే ఉండదు. ఆ షరతు పెట్టినవాడు మా మామే. ఆయన పెద్ద కూతురు ఆ అయిదుగురిలో ఒకతె. చివరిదాకా ఒప్పుకోనిదీ ఆయనే. అది ఎనిమిది చదివి ఏం చేస్తది, నా ఎడ్ల కొమ్ములు లెక్కబెడతదా అని రచ్చబండ దగ్గర అన్నాడట.

బస్సు వెళ్ళే రోడ్డు మా ఊరికి మూడు మైళ్ళు. ఆ కిక్కిరిసిన బస్సులో పిల్లల్ని ఎక్కించడానికి తండ్రులు ఒప్పుకోలేదు. ఎడ్ల బండి మీదైతే మూడు గంటల పైమాటే. అందుకని టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను పొంగిపోయాను. తొట్టిలో గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, కట్టెలు నిలబెట్టి పైకప్పుగా దుప్పటి కట్టాను. టీచరమ్మ ముందు నా పక్కన కూర్చునేది, గొడుగు మా ఇద్దరి మధ్యా నిలబెట్టి.

ఊరి చివర గట్టినేల ఒకటి వాలుగా ఉండేది. మామదే. మిరప కాయ ఆరబోసుకునే కళ్ళం. ఊరికంతటికీ అది ఒక్కటే వాలు కాబట్టి, నా బండి దాని నెత్తిన నిద్రపోయేది. ఎడ్ల కొట్టానికి అది దూరం కాబట్టి మామ ఊరుకునేవాడు. కోతలు మొదలైనా నాకు బండి వెడల్పున దారి వదిలి పక్కన ఆరబోసుకునేవాడు. మూడు రోజులు పరీక్షలు చక్కగా జరిగాయి. నాలుగో రోజు శనివారం, గురజాలలో నేను చూసిపెట్టుకున్న వాలు కింద ఎవరో ఇటుకలు దించారు. ముందుకు పోయే దారి లేదు. నలుగురిని బతిమాలి బండిని తోయించుకుని బయటపడి, మా ఊరు చేరేసరికి దీపాలు వెలిగాయి. తండ్రులు అయిదుగురూ బడి ముందు వరసగా నిలబడి ఉన్నారు. ఈ ఒక్కసారికి ఊరుకుంటున్నామని, మళ్ళీ ఆలస్యమైతే పరీక్ష మాటే లేదని మామ అందరి తరఫునా చెప్పాడు. నాకు భయం వేసింది.

ఆ తరువాత టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. గొడుగు మూసి ఉంది. ఆదివారం ఒక్కరోజు ఉందని, ఈలోగా ఆ సెల్ఫేదో బాగు చేయించమని, కుదరకపోతే ముందే చెప్పమని, సోమవారం లెక్కల పరీక్షకు చీకటితోనే ఎడ్ల బండి కట్టించుకుంటానని చెప్పింది. మర్నాడు నరసరావుపేట పోయాను. సాయిబు కొట్టుకు తాళం. చుట్టాల పెళ్ళికి మాచర్ల వెళ్ళాడని పక్కకొట్టు వాళ్ళు చెప్పారు. అంతే. నా తప్పేమీ లేదు, తిరిగొచ్చి ఆ మాటే చెబితే సరిపోయేది.

తిరిగొచ్చి, బండిని వాలు మీద పెట్టి, బడి దగ్గరికి నడిచాను. టీచరమ్మ, పిల్లలు, వాళ్ళ నాన్నలు అందరూ అక్కడే ఉన్నారు. సెల్ఫు అయిందా అని టీచరమ్మ అడిగింది. అంతమంది నా వంక చూస్తున్నారు. ఊళ్ళో ఒక్కగానొక్క డీజిలు బండి ఓనరును. అయిందమ్మా, ఇక మీట నొక్కితే చాలు అన్నాను. ఆవిడ ముఖం తేటబడింది. ఎడ్ల బండి మాట పక్కన పెట్టేసింది. మామ ముందుకొచ్చాడు.

"అయితే అల్లుడూ, రేపు నీకు వాలుతో పన్లేదుగా? మబ్బు పట్టింది. కిందచేలో కాయకి చెమ్మ తగిలితే మచ్చ పడతది. ఆ గట్టినేలంతా నాకే కావాల."

ఏమంటాను? నిక్షేపంగా పోసుకో మామా అన్నాను. ఎంత పోసినా బండి పట్టేంత దారి వదులుతారులే అని మనసులో అనుకున్నాను. పొద్దున్నే ఎవరూ లేవకముందే వెళ్ళి, దొర్లించి, ఇంజను మేల్కొలిపి తెచ్చి బడి ముందు నిలబెడితే సెల్ఫు సంగతి దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. నా పథకంలో లోపమల్లా ఒక్కటే. మిరప కళ్ళంలో ఆడవాళ్ళు నాకంటే ముందు లేస్తారని నేను మరిచిపోయాను.

నేను వెళ్ళేసరికి వాలంతా ఎర్రగా ఉంది. నా ముందు చక్రాలకు జానెడు దూరం నుంచి కింద దాకా, ఈ అంచు నుంచి ఆ అంచుకు కాయ పరిచేశారు. దారి వదలలేదు. ఎందుకు వదులుతారు, అక్కర్లేదని నేనే చెప్పాను. ఆడవాళ్ళు పనయిపోయి పక్కన కూర్చుని చద్దన్నం తింటున్నారు. నిజం చెప్పడానికి నోరు రాక నేను బండి చుట్టూ తిరుగుతూ పొద్దెక్కించాను. బడి దగ్గరికి తేవాల్సిన బండి రాకపోయేసరికి, ఎనిమిది దాటాక టీచరమ్మే పిల్లల్ని వెంటబెట్టుకుని కళ్ళానికి వచ్చింది. పిల్లలు తొట్టిలో ఎక్కి కూర్చున్నారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, ఇక పోనీ తమ్ముడూ అంది.

సెల్ఫు నొక్కాను. టక్. ఇంకోసారి నొక్కాను. టక్. దిగి బానెట్ ఎత్తి, లోపల చూడాల్సిందేదో ఉన్నట్టు చాలాసేపు చూశాను. తల ఎత్తేసరికి టీచరమ్మ పక్కన నిలబడి ఉంది.

"తమ్ముడూ, నిన్న సెల్ఫు బాగైందా, కాలేదా?"

"కాలేదమ్మా."

ఆవిడ గొడుగు ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. తొట్టిలో ఉన్న పిల్లల వంక చూసింది. ఏడాదిపాటు ప్రతి సాయంత్రం వాళ్ళకు లెక్కలు చెప్పిన మనిషి. ఆ చూపు చూడలేక నేల చూశాను. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు. అప్పటికి ఎనిమిదిన్నర. పదింటికి పరీక్ష. బస్సు వెళ్ళిపోయింది. ఎడ్ల బండికి వేళ మించిపోయింది. మగవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. ఇక్కడే ఉన్నా బండి ముందుకు తొయ్యాలి, ముందున్నది మిరపకాయ.

ఆడవాళ్ళలో ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, మామ కర్ర పట్టుకుని వచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అబద్ధం ఆడానని కూడా చెప్పాను. ఎడ్లను ఇస్తే బండిని వెనక్కి, పక్కదారిలోకి లాగించుకుంటానని అడిగాను.

"ఎడ్లా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో అన్ని జవాబులూ ఉన్నాయి.

తరువాత ఆయన కాయ వంక చూశాడు. ఏడాది పంటలో మేలైన కోత అది. చేతిలోకి తీసుకుంటే గలగలమనేంత ఎండిన కాయ కూడా అందులో ఉంది. తొట్టిలో ఆయన కూతురు అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని, కొలబద్ద రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నాన్నా అని పిలవలేదు, ఏడవలేదు. ఊరికే తండ్రి వంక చూస్తోంది. మామ చూపు కాయ మీద నుంచి కూతురి మీదికి, మళ్ళీ కాయ మీదికి రెండు మూడుసార్లు తిరిగింది.

"తొక్కిచ్చుకుని పో," అన్నాడు నాతో. "ఎడ్ల జోలికి మాత్రం రామాక."

ఆడవాళ్ళు లేచారు. చీపుళ్ళతో, చేతులతో రెండు చక్రాలకు రెండు దారులు తీయడానికి ప్రయత్నించారు. వాలు కాబట్టి తీసిన చోటికి పైనున్న కాయ జారి మళ్ళీ నిండుతోంది. ఇక ఆగితే లాభం లేదని మామ కర్ర ఊపాడు. బ్రేకు వదిలాను. బండి కదిలింది. చక్రాల కింద కాయ పటపట పగులుతుంటే ఆ చప్పుడు నా ఎముకల్లో వినపడింది. సగం దూరంలో క్లచ్చి వదిలాను. బండి కుదుపుతో ఆగబోయింది, ఇంజను పలకలేదు. మళ్ళీ క్లచ్చి తొక్కాను. ఇంకో ఇరవై గజాలే మిగిలాయి, దాని తరువాత అంతా చదును. వదిలాను. ఒక దగ్గు, రెండు దగ్గులు, ఆ తరువాత నా చెవులకు అన్ని గుళ్ళ గంటల కంటే ఇష్టమైన ఆ గుడగుడ. వెనక నల్లటి పొగ, కింద ఎర్రటి ధూళి కలిసి లేచాయి. కళ్ళంలో ఉన్నవాళ్ళంతా తుమ్మడం మొదలుపెట్టారు. అద్దంలో చూస్తే మామ కర్ర పడేసి ముక్కు పట్టుకుని ఉన్నాడు.

గురజాల దాకా ఆ ప్రయాణం ఎలా సాగిందో చెప్పడం కష్టం. మిరప కోరు, ఆ ఘాటంతా, కాబినులోకి, తొట్టిలోకి పాకింది. నాకు కళ్ళ వెంట ధారలు. రోడ్డు ఒకటా రెండా తెలియదు. టీచరమ్మ మాత్రం రెండు తుమ్ముల మధ్య దొరికిన సందులో వెనక్కి తిరిగి వృత్త వైశాల్యం ఏమిటని అరిచేది. తొట్టిలోంచి అయిదు తుమ్ములూ ఒక జవాబూ వచ్చేవి. మొదటి గంట కొడుతుండగా బడి గేటు ముందు దించాను. అక్కడున్న పరీక్షల పెద్దమనిషి వాళ్ళ ఎర్రటి కళ్ళు, ఉబ్బిన ముక్కులు చూసి, పల్లెటూరి పిల్లలు లెక్కలంటే భయపడి దారంతా ఏడ్చారనుకున్నాడు. భయపడకండమ్మా అని ఓదార్చి, కుండలో నీళ్ళు ఇప్పించి, ముఖాలు కడుక్కున్నాక లోపలికి పంపించాడు. టీచరమ్మ ఆయనకు అసలు సంగతి చెప్పలేదు. అబద్ధం ఆడలేదు గాని, తుమ్మి ఊరుకుంది.

వాలు కింద ఇటుకలు అలాగే ఉన్నాయి కాబట్టి నేను ఇంజను ఆపలేను. బడి ముందు గుడగుడలాడుతుంటే లోపల్నుంచి బంట్రోతు వచ్చి పరీక్ష జరుగుతోంది పొమ్మన్నాడు. ఇక రెండు పూటల పరీక్షా అయ్యేదాకా ఖాళీ బండితో గురజాల వీధులన్నీ తిరిగాను. అయిదోసారి తిరిగేటప్పటికి ఒక కిళ్ళీ కొట్టాయన ఆపి, ఎవరి తరఫున ప్రచారం అని అడిగాడు.

సాయంత్రం ఎండ పూర్తిగా దిగకముందే ఊరు చేరాం. పిల్లల ముఖాలు వెలిగిపోతున్నాయి. నేను మాత్రం మామ ముఖం ఎలా చూడాలా అనుకుంటూ బడి మలుపు తిరిగాను. అక్కడ పొద్దున లేనిది ఒకటి ఉంది. బడి గోడ పక్కన, నడుమెత్తున మట్టీ గులకరాయీ పోసి, మీద నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిచేసిన ఒక దిబ్బ. ఒకవైపు బండి ఎక్కేలా, రెండోవైపు చాలా దూరం పొడుగ్గా దిగేలా వాలు. పొద్దున కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళే గంపలు పట్టుకుని నిలబడ్డారు. ఒళ్ళంతా మట్టితో మామ.

బండి దిగి మామ దగ్గరికి వెళ్ళాను. నీ కాయంతా పాడుచేసి పోతే, నా కోసం ఇదంతా ఎందుకు మామా అన్నాను.

"నీ కోసమా?" అన్నాడు. "నీ మొగానికా? నా రెండోది వచ్చే ఏడు రాయాల. దాని తర్వాత చిన్నది. ఏడాదికో కళ్ళం తొక్కిస్తానా?"

మట్టి తోలింది ఎవరని అడిగాను. ఎడ్లేనట. నేను ఊళ్ళో లేని రోజు కదా, నిశ్చింతగా తోలాయట.

అయిదుగురూ పాసయ్యారు. లెక్కల్లో మామ కూతురిదే మొదటి స్థానం. పరీక్షలు అయిన వారంలోనే నేను నరసరావుపేట వెళ్ళి, సాయిబు కొట్టు ముందు పొద్దుటి నుంచి కూర్చుని, పెద్ద సెల్ఫు, పెద్ద బ్యాటరీ వేయించాను. మీట నొక్కితే మొదటిసారే ఇంజను పలికింది. సాయిబు నవ్వాడు, నాకు ఏడుపొచ్చింది. అంత తేలికైన పని కోసం ఎంత గొడవ.

అయితే ఊరికి తిరిగొస్తూ ఆలోచించాను. మామ ఆ దిబ్బను రోజూ చూసుకుంటున్నాడు. వానకు కరిగితే మళ్ళీ మట్టి పోయిస్తానంటున్నాడు. దారిన పోయేవాళ్ళకు చూపించి, మావాడి బండికి అదే ప్రాణం అంటున్నాడు. సెల్ఫు బాగైందని ఆయనకు ఎలా చెప్పను? చెప్పలేదు. దిబ్బ ఎక్కించి ఆపడం, బ్రేకు వదిలి దొర్లించడం, మామ వింటున్నాడని తెలిస్తే ఒకసారి కావాలని ఇంజనును దగ్గించడం. పని చేయని సెల్ఫు చేస్తుందని ఒక్క పూట అబద్ధమాడినందుకు, పని చేసే సెల్ఫు చేయదని ఏడేళ్ళు ఆడాను. ఆయన రెండో కూతురూ, మూడో కూతురూ ఆ దిబ్బ మీద నుంచే పరీక్షకు వెళ్ళారు. గురజాల బడి ముందు చదునైన చోట నేను మీట నొక్కి బండి కదిలించడం వాళ్ళిద్దరూ చూశారు. ఇంట్లో చెప్పొద్దని నేను అడగలేదు. వాళ్ళంతట వాళ్ళే చెప్పలేదు.

అరవైల చివర్లో బండిని బెల్లంకొండ వైపు ఒకతనికి అమ్మాను. అతను చూడ్డానికి వచ్చినరోజు మామ కూడా వచ్చాడు. అన్యాయం ఆయనకు గిట్టదు. నేను నోరు తెరవకముందే కొనేవాడితో, బండి గట్టిది, కానీ దీనికి సెల్ఫు లేదు, మీ ఊళ్ళో వాలుంటేనే కొను అని చెప్పేశాడు. కొనేవాడు వెనకాడాడు. నాకు ఇక దారి లేదు. కాబినులోకి ఎక్కి మీట నొక్కాను. ఇంజను ఒక్కసారికే గుడగుడమంది.

మామ బండి వంక చూశాడు, దిబ్బ వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఎప్పట్నించిరా?"

"మీ పెద్దమ్మాయి పరీక్ష అయిన వారం నుంచి, మామా."

"పిల్లలకి తెలుసా?"

"తెలుసు."

మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికో, ఇంకేదైనా దాచుకోవడానికో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తరువాత కొనేవాడి వైపు తిరిగి, చాలా మామూలుగా చెప్పాడు.

"సెల్ఫుంటే ఉందిలే. అయినా మీ ఊళ్ళో ఒక దిబ్బ పోయించుకో. అలవాటు పడ్డ బండి."